కోడిగ్రుడ్డు పెంకునకు రంగు ఎట్లు వచ్చును?

మన సంతలలో గ్రుడ్లు అమ్మువారు రెండు గంపలు ముందిడుకొని కూర్చుండుట మీలో పెక్కురు చూచియే యుందురు. ఒక గంపలో సున్నము కొట్టిన గోడవలె తెల్లని గ్రుడ్లు. రెండవ గంపలో గోధుమవన్నెవి, మీగడవన్నెవి, కొన్ని కొంచెము ఎఱ్ఱచాయ కలవి. మొదటివి ఫారము గ్రుడ్లనియు, రెండవవి నాటుగ్రుడ్లనియు పేరు. రెండవ గంపలోని గ్రుడ్డునకు వెల రెండింతలు, కొన్ని తావుల అంతకు మించియు నుండును. అయినను కొనువాడు మాఱుమాటాడడు. రంగున్న గ్రుడ్డులో బలమున్నదని మనవారి నమ్మకము. ఈ నమ్మకమునందు నిజమెంత, ఆ రంగు పెంకునకు ఎక్కడనుండి వచ్చును, తెల్లగ్రుడ్డునకు ఏల రాదు అను సంగతులను నేడు మీతో ముచ్చటింపదలచితిని.

ముందుగా గ్రుడ్డు తయారగు విధము కొంచెము తెలిసికొనవలెను. కోడిపెట్ట కడుపులో ఎడమప్రక్కను మాత్రమే అండాశయము పనిచేయును. కుడిప్రక్కది పిల్లనాటనే ఎదుగుట మాని ముడుచుకొనిపోవును. అండాశయమునందు పచ్చసొనలు ద్రాక్షగుత్తివలె చిన్నవి పెద్దవిగా వ్రేలాడుచుండును. పండిన సొన యొకటి విడివడి అండనాళమున పడును. ఈ నాళము పొడవు గ్రుడ్లు పెట్టు కోడిలో ఇంచుమించు మూరెడు మీద జానెడు. దాని మొదట గరాటువంటి భాగమున్నది. పుంజును గలిసిన పెట్టయైనచో బీజము సొనతో కూడునది ఇచ్చటనే. తరువాతి భాగమున మూడు గంటలసేపు సొనచుట్టును తెల్లసొన చేరును. ఆపైని గంటకు పైగా ఒక ఇఱుకుభాగములో నిలిచి, ఉడికించిన గ్రుడ్డు ఒలిచినప్పుడు మన వ్రేళ్లకంటు పలుచని పొరలు రెండింటిని తొడుగుకొనును. ఇంతవఱకు నాలుగైదు గంటలకన్న పట్టదు. అటుపిమ్మట పెంకుగ్రంథి యను సంచిలోనికి పోయి అక్కడ ఇరువది గంటలు కూర్చుండును. అనగా గ్రుడ్డు తయారగుటకు పట్టు కాలములో హెచ్చుపాలు పెంకు కట్టుటకే యగుచున్నది.

పెంకు దేనితో కట్టబడును? సున్నపుఱాయి యేదో, నత్తగుల్ల యేదో, పెంకును అదియే. నూఱింట తొంబదియైదు పాళ్లు అదియే. ఒక్కొక్క పెంకునకు రెండు గ్రాముల కాల్షియము కావలెను. రాత్రి వేళ మేత లేనప్పుడు పెట్ట తన యెముకలనుండియే కొంత తీసి పెంకునకు పోయును. గ్రుడ్లు విడువక పెట్టు కోళ్లకు గుల్లపిండియో, దంచిన పెంకులో మేతలో కలిపి పెట్టుట అందులకే. సున్నము సహజముగా తెల్లనిది కనుక పెంకును సహజముగా తెల్లనిదే. కావున తెల్లగ్రుడ్డు ఎందులకు తెల్లగా నున్నదని అడుగబనిలేదు. ఆ పెట్ట రంగు వేయలేదు, అంతే.

రంగు వేయు పెట్ట యేమి చేయుచున్నది? మన యిండ్లలో గోడకు సున్నము కొట్టిన పిదప క్రిందిభాగమున జాజు పూయుదురు గదా, ఇదియు అట్టిదే. పెంకు చాలవఱకు కట్టిన తరువాత, గ్రుడ్డు బయటపడుటకు ముందటి కొన్ని గంటలలో, పెంకుగ్రంథి గోడలలోని కణములు ఒక గోధుమవన్నె పదార్థమును పెంకుపై విడుచును. దాని పేరు ప్రోటోపార్ఫిరిన్. పేరు నోరు తిరుగనిదైనను వస్తువు మనకు కొత్తది కాదు. దీనితో ఇనుము చేరినచో రక్తమునకు ఎఱ్ఱదనమునిచ్చు హీము అను పదార్థమగును. అనగా గ్రుడ్డు మీది గోధుమవన్నె రక్తపు రంగునకు తోబుట్టువు.

ఇది పైపూతయే యనుటకు నిదర్శనము మీ వంటయింటిలోనే దొరకును. గోధుమవన్నె గ్రుడ్డు పగులగొట్టి పెంకు లోపలివైపు చూడుడు. బయటికన్న ఎంతో తెల్లగా నుండును. అప్పుడే పెట్టిన, ఇంకను తడియారని గ్రుడ్డును బొటనవ్రేలితో గట్టిగా రుద్దినచో రంగు కొంత చెదరుటయు కోళ్లు పెంచు ఆడువారికి తెలిసిన సంగతియే.

ఇంకొక రంగున్నది. మన యూళ్లలో కనబడదు గాని దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున మాపూచె యను తెగవారు పెంచు కోళ్లు నీలపు గ్రుడ్లు పెట్టును. సల్వడోర్ కస్తెల్యో యను స్పెయిన్ దేశపు పండితుడు 1921లో హేగ్ నగరమున జరిగిన మొదటి ప్రపంచ కోళ్ల మహాసభలో వీనిని గూర్చి ప్రకటింపగా విన్నవారు విస్తుపోయిరి. ఈ కోళ్లకు అరౌకానా యని పేరు. వీని నీలిమకు కారణము బిలివర్డిన్ అను వేఱొక పదార్థము. ఇదియు రక్తసంబంధమైనదే. దెబ్బ తగిలి కమిలిన చోటు కొన్ని నాళ్లకు ఆకుపచ్చగా మాఱుట చూచియుందురు. రక్తములోని హీము విఱిగినప్పుడు పుట్టు ఆ పచ్చదనమే బిలివర్డిన్. పిత్తమునందును ఇది యుండును. గోధుమవన్నె జాజుపూత వంటిది కాగా, ఈ నీలము సున్నములోనే నీలిమందు కలిపినట్లు పెంకు మందమంతయు వ్యాపించును. పెంకు విఱిచి చూచిన లోపలను నీలమే. నీలపు గ్రుడ్లు పెట్టు జాతిని గోధుమవన్నె గ్రుడ్లు పెట్టు జాతితో కలిపినచో పుట్టిన పెట్టలు ఆకుపచ్చని గ్రుడ్లు పెట్టును. నీలపు సున్నముపై గోధుమపూత పడుటయే ఆ పచ్చదనము.

ఈ నీలము వంశపారంపర్యముగా ఎట్లు దిగునో ఇంగ్లండునందలి పన్నెట్ అను శాస్త్రజ్ఞుడు 1933లో నిరూపించెను. తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చినను చాలును, నీలము పైకి కనబడును. కాని అది అసలెట్లు పుట్టినదో 2013 వఱకు తెలియలేదు. ఆ సంవత్సరము వెలువడిన పరిశోధనలలో తేలినది వింతయైన సంగతి. ఏనాడో ఒక క్రిమి, మనము వైరసు అందుమే అట్టిది, కోడి బీజములోనికి చొచ్చి అక్కడనే స్థిరపడిపోయినది. అది చేరిన చోట ప్రక్కనే, సాధారణముగా కాలేయమునందు పిత్తసంబంధమైన పదార్థములను చేరవేయు పనిలో నుండు జన్యువొకటి యున్నది. వైరసు దాపుననుండుటచే ఆ జన్యువు పెంకుగ్రంథిలో కూడ మేల్కొన్నది. ఫలితము నీలపు గ్రుడ్డు. చైనాలోను నీలపు గ్రుడ్లు పెట్టు నాటుకోళ్లున్నవి. వానిలోను ఇట్టి వైరసే చేరినది గాని చేరిన తావు కొంచెము వేఱు. అనగా భూమికి ఆ వైపునను ఈ వైపునను ఒకే విచిత్రము వేర్వేఱుగా జరిగినదన్న మాట.

దాదాపు పక్షిజాతులన్నింటి గ్రుడ్ల రంగులును ఈ రెండు పదార్థముల కలయికలే. కాకిగ్రుడ్డు నీలిపచ్చ మీది మచ్చలు ఇవియే. ఆ గ్రుడ్డును పోలునట్లు కోకిల పెట్టు గ్రుడ్డును ఇట్టిదే. కొన్నాళ్ల క్రిందట మన జిల్లాలలో ఈము పక్షులను పెంచినప్పుడు వాని ముదురాకుపచ్చ గ్రుడ్లను చూచి ఆశ్చర్యపడినవారు మీలో నుందురు. అదియు బిలివర్డిన్ పనియే. బీడునేలపై గూడు కట్టక గ్రుడ్లు పెట్టు తీతువుపిట్ట గ్రుడ్లు మట్టిలో కలిసిపోవునట్లు మచ్చలతో నుండును. కాలు పెట్టునంత దగ్గఱకు వచ్చినను కానరావు. చెట్టుతొఱ్ఱలోని చిలుక గ్రుడ్లు, గుడ్లగూబ గ్రుడ్లు, ఏటిగట్టు బొరియలోని లకుముకిపిట్ట గ్రుడ్లు తెల్లనివి. చీకటిలో దాగియున్నదానికి వేషమెందులకు? అయితే ఈ సూత్రము అన్నిచోట్ల నిలువదు. గోరువంకయు తొఱ్ఱలోనే పెట్టును గాని దాని గ్రుడ్డు చక్కని నీలము. పక్షులకు పూర్వులైన రాక్షసిబల్లుల కొన్ని జాతుల గ్రుడ్లపెంకులలోను ఈ రెండు రంగులే యున్నట్లు 2018లో పరిశోధకులు ప్రకటించిరి. కావున రంగువేయు విద్య పక్షులకన్న పాతది.

ఇక మన కోళ్లకు వత్తము. ఏ పెట్ట ఏ రంగు గ్రుడ్డు పెట్టునో దాని జాతి నిర్ణయించును. మన కోళ్లన్నింటికిని మూలమైన అడవికోడి గ్రుడ్డు లేత మీగడవన్నె. మధ్యధరా సముద్రపు తీరముననుండి వచ్చిన జాతులు తఱచుగా తెల్లగ్రుడ్లు పెట్టును. మన ఫారములలోని తెల్లకోడికి లెగ్‌హారన్ అని పేరు గదా, అది ఇటలీలోని లివోర్నో రేవునకు ఆంగ్లేయులు పెట్టుకొన్న పేరు. చైనా మొదలగు తూర్పుదేశముల జాతులు గోధుమవన్నెవి పెట్టును. పంతొమ్మిదవ శతాబ్దమున ఆ జాతులు ఇంగ్లండునకును అమెరికాకును పోయి అక్కడి కోళ్లతో కలియుటవలన రోడ్ ఐలండ్ రెడ్ వంటి జాతులు పుట్టినవి. గోధుమవన్నెకు ఒక్క జన్యువు కాక పెక్కు జన్యువులు కారణము. అందుచేతనే లేతమీగడ మొదలుకొని ఫ్రాన్సులోని మరాన్ కోడి పెట్టు ముదురు గోధుమవఱకు ఇన్ని చాయలు. మన పల్లె పెట్టలు నానాజాతుల కలగలుపు గనుక ఒక్క గంపలోని గ్రుడ్లే ఒక్కొక్కటి ఒక్కొక్క చాయగా నుండును.

ఈకల రంగునకును గ్రుడ్డు రంగునకును సంబంధము లేదు. కృష్ణా గోదావరి మండలములలో పందెపు కోళ్లను డేగ యనియు, కాకి యనియు, నెమలి యనియు ఈకలనుబట్టి వేఱుచేయుదురు. ఆ పేర్లు మాఱినంతనే వాని జాతి పెట్టల గ్రుడ్డు రంగు మాఱదు. ఈ అసీలు జాతి పెట్టలు మీగడవన్నెనుండి లేతగోధుమవఱకు పెట్టును. నల్లని మినార్కా పెట్ట తెల్లగ్రుడ్డు పెట్టును; తెల్లని ప్లిమత్ రాక్ పెట్ట గోధుమగ్రుడ్డు పెట్టును. మధ్యప్రదేశములోని ఝాబువా ప్రాంతపు కడక్‌నాథ్ కోడికి ఈకలు, చర్మము, మాంసము కూడ నల్లనివే యైనను దాని గ్రుడ్డు నల్లనిది కాదు, లేతగోధుమ. కడక్‌నాథ్ నల్లగ్రుడ్డు అని ఎవరైన చూపినచో వానికి దండము పెట్టి దాటిపొండు. చెవితమ్మెలు తెల్లగానున్న పెట్ట తెల్లగ్రుడ్డును, ఎఱ్ఱగానున్నది గోధుమగ్రుడ్డును పెట్టునని కోళ్లవారు చెప్పుదురు. ఇది చాలవఱకు సరిపోవును గాని చట్టము కాదు. ఇంగ్లండునందలి డార్కింగ్ కోడికి తమ్మెలు ఎఱ్ఱన, గ్రుడ్డు తెల్లన.

ఒకే పెట్ట గ్రుడ్లలో కూడ చాయ మాఱుచుండుట కద్దు. గోధుమగ్రుడ్లు పెట్టు పడుచుపెట్ట మొదటి గ్రుడ్లు ముదురుగా నుండి, నెలలు గడచినకొలది వెలిసిపోవును. వయసుతో గ్రుడ్డు పెద్దదగును. రంగు మాత్రము వెనుకటంతే వచ్చును. అంతే రంగును పెద్ద గోడకు పూసినట్లగును. పెట్ట బెదరినను, మిక్కిలి యెండ తగిలినను రంగు తగ్గవచ్చును. కొక్కెర తెగులు వంటి వ్యాధులు సోకినప్పుడు పెంకులు వెలవెలబోవుట, పలుచనగుట జరుగును. కావున మందలో నున్నట్లుండి అనేక పెట్టల గ్రుడ్లు పాలిపోయినచో పశువైద్యునకు చూపుట మంచిది. నికార్బజిన్ అను మందు గోధుమగ్రుడ్ల పెట్టలకు పొరపాటున పెట్టినచో కొలది దినములలోనే తెల్లగ్రుడ్లు పెట్టనారంభించును. మందు మానిన మరల రంగు వచ్చును.

మేతవలన పెంకు రంగు మాఱునా యని అడుగుదురు. మాఱదు. మేతవలన మాఱునది లోపలి పచ్చసొన రంగు. పచ్చగడ్డి, ఆకులు, మొక్కజొన్న తిన్న కోడికి సొన నిగనిగలాడు పసుపు. నూకలు, తెల్లజొన్నలు మాత్రమే తిన్నదానికి సొన వెలవెలబోవును. ఫారములవారు బంతిపూల రేకుల సారమును మేతలో కలిపి సొనకు రంగు తెచ్చుటయు గలదు. పెంకు సంగతి వేఱు, సొన సంగతి వేఱు అని మఱువరాదు. మనవారి వాదములన్నియు ఈ రెంటిని కలిపివేయుటనుండియే పుట్టుచున్నవి.

ఈ సంగతి నాకు బాగుగా తెలియవచ్చినది ఒక పల్లెలో. ఒక ముసలమ్మగారి కోడలు ఏడవ నెల గర్భిణి. అంగన్‌వాడీలో ఇచ్చిన గ్రుడ్లను కోడలు తినకుండ అత్తగారు కట్టడిచేసెను. "తెల్లగుడ్లు మందులతో పెంచినవి నాయనా, వాటిలో ఏముంటుంది? మా కోళ్లు పెట్టినప్పుడు పెడతాలే" అని ఆమె మాట. ఆమె పెట్టలు రెండును అప్పుడు పొదుగుడు మీద నున్నవి. మఱియొక నెలకుగాని పెట్టవు. నేను పొరుగింటినుండి నాటుగ్రుడ్డొకటి తెప్పించి, రెంటిని చాటుగా రెండు గిన్నెలలో పగులగొట్టి, పెంకులు దాచి, "అమ్మా, ఏది నాటుదో చెప్పుము" అంటిని. ఆమె తడుముకొనక చూపెను. సరిగానే చూపెను! సొన రంగునుబట్టి కనిపెట్టినది. ఆమె కన్ను గట్టిది. "అమ్మా, నీవు చెప్పినది నిజమే. ఆ కోడి పచ్చియాకు తిన్నది, ఈ కోడి తినలేదు. కాని రెంటిలోను కండపట్టించు మాంసకృత్తులున్నవి, తూచిచూచిన నీ గ్రుడ్డు చిన్నది" అని చెప్పితిని. ఆమె కొంతసేపు రెండు గిన్నెలను మార్చి మార్చి చూచి, "అయితే పిల్లకు పెట్టొచ్చంటావా?" అనెను. పెట్టవచ్చును, బాగుగా ఉడికించి రోజును పెట్టుమని చెప్పితిని.

లెక్క ఇది. ఏబది గ్రాముల గ్రుడ్డులో ఇంచుమించు ఆఱు గ్రాముల మాంసకృత్తులుండును. పెంకు తెల్లనిదైనను, గోధుమయైనను, నీలమైనను ఇంతే. నాటుగ్రుడ్డు సాధారణముగా నలుబది గ్రాములు తూగును, ఫారము గ్రుడ్డు ఏబదికి పైగా తూగును. ఆరుబయట తిరిగి ఆకు, పురుగు తిన్న కోడి గ్రుడ్డులో కొన్ని విటమినులు హెచ్చుగా నుండవచ్చును, అది కాదనను. రుచి విషయమున నేను వాదింపను. కాని ఆ హెచ్చు మేతవలన వచ్చినది, పెంకు వన్నెవలన కాదు. బోనులో పెరిగిన గోధుమగ్రుడ్ల కోడియు గలదు. ఇంగ్లండు అంగళ్లలో ఎన్నో యేండ్లుగా గోధుమగ్రుడ్లే హెచ్చు. అవియు వేలకొలది కోళ్లుండు ఫారములనుండి వచ్చునవే. అమెరికాలో వెనుక బాస్టన్ వారు గోధుమగ్రుడ్డు మేలనియు, న్యూయార్కు వారు తెల్లగ్రుడ్డే మేలనియు హెచ్చు వెల యిచ్చి కొనెడివారు. ఒకే గ్రుడ్డు ఒక యూర ప్రియము, మఱియొక యూర చవుక!

మఱి నాటుగ్రుడ్డునకు అంత వెల యేల? పల్లె పెట్ట ఏడాదికి ఏబది అరువది పెట్టి, మధ్య మధ్య పొదుగుటకు కూర్చుండును. ఫారములోని లెగ్‌హారన్ సంతతి పెట్ట మూడువందలకు మించి పెట్టును, పొదుగుడు మాట యెఱుగదు. తక్కువగా దొరకునదానికి ఎక్కువ వెల న్యాయమే. తన పెట్ట పెట్టిన నాలుగు గ్రుడ్లు అమ్ముకొను పేదరాలికి ఆ వెల దక్కుట నాకును సంతోషమే. కాని కూలిచేసికొను ఇల్లాలు బిడ్డకు రోజుకొక తెల్లగ్రుడ్డు పెట్టగల సొమ్ముతో రెండు నాళ్లకొక ఎఱ్ఱగ్రుడ్డు పెట్టి, బలమైనది పెట్టితినని తృప్తిపడుట చూచినప్పుడు మనసునకు కష్టము తోచును. తెలంగాణమున 2015లో ఆరంభమైన ఆరోగ్యలక్ష్మి పథకమున గర్భిణులకు భోజనముతో గ్రుడ్డు కూడ చేర్చిరి. ఇంట పెద్దలు వలదన్నచో ఆ గ్రుడ్డు ఎవరి కడుపునను పడదు, కోడలు ఎదురాడదు.

ఈ నమ్మకము మీద బ్రదుకు మోసగాండ్రును కలరు. చవుకగా కొన్న తెల్లగ్రుడ్లను టీ డికాక్షనులోను, రంగునీళ్లలోను ముంచి నాటువని అమ్మినవారు మన జిల్లాలలోనే పట్టుబడిరి. ప్రోటోపార్ఫిరిన్ నీట కరగదు. కావున గోధుమగ్రుడ్డును గోరువెచ్చని నీట కొంతసేపు నానవేయగా నీటికి రంగు దిగినచో అది అద్దకమని నిశ్చయింపవచ్చును. దిగనంతమాత్రమున నాటుదని చెప్పరాదు, గట్టిరంగు కావచ్చును. గంపలోని గ్రుడ్లన్నియు ఒకే చాయ, ఒకే పరిమాణము కలిగియున్నచో అనుమానింపవలసినదే. పల్లెలోని పది పెట్టలు ఒక్క అచ్చున పెట్టవు.

పొదుగబెట్టువారికి ఒక్క మాట. పుంజు లేని ఫారములలో పెట్టిన తెల్లగ్రుడ్డు ఎన్నినాళ్లు పొదిగినను పిల్ల కాదు. అందుకు కారణము పుంజు లేకుండుటయే గాని తెలుపు కాదు. పుంజుతో తిరిగిన లెగ్‌హారన్ పెట్ట గ్రుడ్డు చక్కగా పిల్లయగును. పొదుగబెట్టిన ఏడవ రాత్రి గ్రుడ్డును చీకటిగదిలో దీపమునకు అడ్డముపట్టి చూచినచో, జీవమున్నదానిలో సాలెగూడువలె ఎఱ్ఱని నరములు కనబడును. ఖాళీది తేటగా నుండును. తెల్లపెంకులో ఇది చిన్న దీపమునకే తెలియును. ముదురు గోధుమపెంకులో పూత వెలుతురును అడ్డగించును గనుక మంచి టార్చిలైటు కావలెను, లేదా మఱి రెండు మూడు నాళ్లు ఆగి చూడవలెను. తొందరపడి చల్లగ్రుడ్డని పాఱవేయకుడు.